పాత కార్ల క్లచ్ పెడల్ సామాను: ఒరిజినల్‌ను గుర్తుపట్టేదెట్ల? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వైపు షెడ్లలో అంబాసిడర్లు, పద్మినిలు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు, విల్లీస్ జీపులు మళ్లీ ప్రాణం పోసుకుంటున్నాయి. ఇంజన్, బాడీ, సీట్ల గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు. క్లచ్ పెడల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇది కంపెనీదేనా, మధ్యలో ఎవరో వేసిందా?" అనే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీ పని ఎక్కడిదాకా వచ్చిందో అక్కడి నుంచి చదువుకోవచ్చు.

## విప్పకముందు

క్లచ్ పెడల్ సామాను అంటే ఏమేం వస్తయి?

కాలు పెట్టే రబ్బరు ప్యాడ్, పెడల్ ఆర్మ్, అది తిరిగే షాఫ్ట్, షాఫ్ట్ మీది బుష్‌లు (లోహపు తొడుగులు), వెనక్కి లాగే స్ప్రింగు, పెడల్ కదలికను క్లచ్ వైపు నెట్టే పుష్‌రాడ్, దాని చివర రెండు చెవుల యోక్, యోక్ పిన్ను, స్ప్లిట్ పిన్ను, వీటన్నిటినీ పట్టి ఉంచే బ్రాకెట్. పెడల్ నేల లోంచి పైకి వచ్చే బండ్లలో నేల రంధ్రానికి వేసే రబ్బరు సీలు కూడా ఇందులోదే. ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆ ఒత్తిడిని పుట్టించే మాస్టర్ సిలిండర్ దాకా లెక్క. రాడ్లు, కేబుల్‌తో నడిచే క్లచ్ అయితే అడ్డ షాఫ్ట్, దాని లివర్లు కూడా కలుస్తాయి. ఎక్కువగా పోయేవి చిన్నవే: పిన్ను, స్ప్రింగు, సీలు. ఆర్మ్ ఒరిజినల్‌గా ఉండి ఈ మూడూ లోకల్‌వి పడిన బండ్లే మన వైపు ఎక్కువ.

మన దేశంలో తయారైన బండికి ఒరిజినల్ అంటే ఇంగ్లండ్ సామానా, ఇండియా సామానా?

ఆ బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు దాని మీద ఏది ఉందో అదే ఒరిజినల్. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, కానీ బండి తయారైంది పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో. స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ట్రయంఫ్ హెరాల్డ్, తయారైంది మద్రాసులో. మొదటి సంవత్సరాల్లో విదేశీ భాగాలు ఎక్కువ, పోనుపోను దేశీ భాగాలు పెరిగాయి. కాబట్టి చివరి దశ హెరాల్డ్‌కు లండన్ నుంచి తెప్పించిన సిలిండర్ వేస్తే అది మంచి సామాను అవుతుందేమో గానీ ఆ బండి ఒరిజినల్ కాదు. ఇంగ్లండ్ బ్రేకుల కంపెనీ గిర్లింగ్‌తో కలిసి మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా కంపెనీ 1962లో మొదలైంది. ఆ గుర్తు ఉన్న పాత సిలిండర్ మీ బండిలో కనబడితే డూప్లికేట్ అనుకుని తీసి పారేయకండి.

పెడల్ ఫ్యాక్టరీదేనా, మధ్యలో మార్చిండ్రా? విప్పకుండ తెలుస్తదా?

చాలావరకు తెలుస్తుంది. టార్చి వేసి ముందు బోల్టు తలలు చూడండి. బ్రాకెట్‌కు ఉన్న నాలుగు బోల్టుల్లో మూడు ఒక తీరుగా, ఒకటి వేరుగా ఉంటే ఎవరో విప్పారు. తర్వాత పెయింటు. బ్రాకెట్ అంచుకు, బాడీ రేకుకు మధ్య సందులో పాత పెయింటు పగలకుండా సాగి ఉంటే అది ఎప్పుడూ కదలలేదు. మూడోది పెడల్ వరస. క్లచ్, బ్రేక్ పెడళ్లు విడుదలై ఉన్నప్పుడు చాలా బండ్లలో దాదాపు ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉంటాయి. క్లచ్ ఒక్కటే ఒక పక్కకు ఒరిగినా, నేల రంధ్రం మధ్యలోంచి కాక అంచు రాసుకుంటూ వచ్చినా ఆర్మ్ వంగిందో, వెల్డింగ్ అయిందో, వేరే బండిదో అని అనుమానించాలి.

ప్యాడ్ నున్నగ అరిగింది, మీటరేమో 40 వేలే చూపిస్తున్నది. ఎట్ల?

పాత మీటర్లు చాలావరకు 99,999 తర్వాత సున్నాకు వచ్చేస్తాయి. క్లచ్ ప్యాడ్ మీది గాళ్లు (గాడి గీతలు) పూర్తిగా పోయి, కింద ఇనుము కూడా మెరుస్తుంటే మీటరును కాదు, పెడల్‌ను నమ్మండి. ప్యాడ్ కొత్తగా ఉండి యోక్ పిన్ను సగం అరిగి ఉంటే ప్యాడ్ ఒక్కటే మార్చి బండి అమ్మకానికి పెట్టారని అర్థం.

## విప్పేటప్పుడు

విప్పేముందు ఏం కొలుచుకోవాలె?

ఐదు కొలతలు, ఏదీ వదలొద్దు. నేల నుంచి ప్యాడ్ మధ్య వరకు ఎత్తు. ప్యాడ్ మొత్తం ప్రయాణం. చేత్తో నొక్కితే బరువు తగలకముందు ప్యాడ్ కదిలే ఖాళీ దూరం, అంటే ఫ్రీ ప్లే. పుష్‌రాడ్ మీద లాక్‌నట్ బయట కనిపించే థ్రెడ్ పొడవు. స్ప్రింగు బిగించి ఉన్నప్పుడు కొక్కెం నుంచి కొక్కెం వరకు దూరం. స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించి ఉందో ఫోటో తీయండి. కొన్ని ఆర్మ్‌లకు రెండు మూడు రంధ్రాలుంటాయి, ఇంటికి తెచ్చి కడిగాక ఏది ఏదో గుర్తుండదు. ఫోటోలో స్కేలు పెట్టి తీస్తే తర్వాత సామాను వెతికేటప్పుడు కూడా అదే పనికొస్తుంది.

బోల్టులు తుప్పుపట్టి రావట్లేదు. కొట్టి తీయాల్నా?

కొట్టొద్దు. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి ఉంచండి. మరుసటి రోజు ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత వదులు చేయండి. ఇంచి బోల్టుకు మిల్లీమీటర్ పానా పెడితే తల గుండ్రంగా అరిగిపోతుంది. 5/16 ఇంచి యూఎన్ఎఫ్ (సన్న థ్రెడ్ ఉండే ఇంచి రకం) బోల్టు తల 1/2 ఇంచి, అంటే 12.7 మి.మీ. దానికి 13 పానా పట్టినట్టే అనిపిస్తుంది, జోరుగా తిప్పితే జారుతుంది. మంట పెట్టాల్సి వస్తే దగ్గర్లో బ్రేక్ ఆయిల్, పెట్రోల్ పైపు, రబ్బరు ఏవీ లేకుండా చూసుకోవాలి. పెడల్ నేల కింద ఉండే బండ్లలో జాకీ ఒక్కదాని మీద బండిని నిలిపి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి.

అన్ని ముక్కలు కలిపి సాండ్ బ్లాస్టింగ్‌కు ఇవ్వొచ్చా?

గుర్తులు రాసుకోకముందు ఇవ్వొద్దు. లోతు తక్కువగా కొట్టిన నంబర్లు, ఇన్‌స్పెక్షన్ ముద్రలు బ్లాస్టింగ్‌లో చెరిగిపోతాయి. ముందు కిరోసిన్‌తో గ్రీజు కడిగి, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తోమి, పలుచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. ఫోటోలో కనబడని అక్షరం కూడా కాగితం మీద తేలుతుంది. రంగు పొరలు కూడా ఒక మూల గీరి చూడండి. అడుగున ఉన్న రంగే ఫ్యాక్టరీది. పెడల్ ఆర్మ్‌కు మెరిసే క్రోమ్ కనబడితే అది ఎక్కువసార్లు తర్వాత ఎవరో సోకుకు వేయించిందే.

పెడల్‌తోపాటు క్లచ్ కూడా విప్పుతున్నం. లోపలి దుమ్ము గాలితో ఊదొచ్చా?

వద్దు. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ అనే ప్రమాదకరమైన నార ఉండేది. ఎయిర్ కొడితే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారేయండి. మూతికి కట్టిన దస్తీ సరిపోదు, సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి.

## గుర్తుపట్టడం

ఆర్మ్ మీద ఉబ్బెత్తు నంబరు పార్ట్స్ క్యాటలాగ్‌తో కలుస్తలేదు. డూప్లికేటా?

అంత తొందరగా తేల్చొద్దు. ఉబ్బెత్తుగా ఉన్నది సాధారణంగా పోత లేదా ఫోర్జింగ్ (కాల్చిన లోహాన్ని అచ్చులో కొట్టి చేసేది) అచ్చు నంబరు. క్యాటలాగ్‌లో ఉండేది రంధ్రాలు వేసి, బుష్ కొట్టి పూర్తయిన భాగం నంబరు. ఒకే అచ్చు ముక్కను రెండు మోడళ్లకు రెండు రకాలుగా రంధ్రాలు వేసి వాడటం ఫ్యాక్టరీల్లో మామూలే. అందుకే రెండు నంబర్లూ కలవకపోవడం తప్పు కాదు. అనుమానించాల్సింది అక్షరాల తీరును. అసలు అచ్చులో అక్షరాల అంచులు స్పష్టంగా, ఎత్తు సమానంగా ఉంటాయి. పాత పెడల్‌నే నమూనాగా పెట్టి ఇసుకలో పోత పోసినదానికి అక్షరాలు మొద్దుబారి, కొన్ని సగమే పడతాయి. పోత లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, ఇనుములో ఇది దాదాపు 1 శాతం. 250 మి.మీ. ఆర్మ్ అలా నకలు తీస్తే 2 నుంచి 3 మి.మీ. పొట్టిగా వస్తుంది. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు) దీన్ని దాచనివ్వదు.

నంబరే లేదు. అంటే లోకల్ సామానేనా?

కాదు. స్ప్రింగులు, పిన్నులు, చిన్న యోక్‌లు, రేకు బ్రాకెట్ల మీద చాలా కంపెనీలు ఏ నంబరూ వేయలేదు. వీటిని తేల్చేది కొలత, తయారీ తీరు. మరోవైపు నంబరు పంచ్ కొట్టడం ఏ షెడ్డులోనైనా రెండు నిమిషాల పని, కాబట్టి నంబరు ఉన్నంత మాత్రాన ఒరిజినల్ అయిపోదు.

ఫోర్జింగా, పోతా, ప్లేటు కోసి వెల్డింగ్ చేసిందా? చూపుతో ఎట్ల చెప్పాలె?

అంచు మీద చూడండి. ఫోర్జింగ్ ముక్కకు చుట్టూ వెడల్పాటి గీత ఉంటుంది, అచ్చుల మధ్య బయటికి వచ్చిన అదనపు లోహాన్ని కత్తిరించిన గుర్తది. పోతకు సన్నని గీత, కొంచెం ఇసుక గరుకు ఉంటాయి. ప్రెస్‌లో వంచిన రేకు పెడల్‌కు మందం అంతటా సమానంగా ఉండి, మూలలు గుండ్రంగా తిరుగుతాయి. గ్యాస్‌తో కోసిన ప్లేటుకు అంచున నిలువు చారలు కనబడతాయి, షాఫ్ట్ పైపు ఆర్మ్‌కు కలిసే చోట వెల్డింగ్ గడ్డలు ఉంటాయి. దారంతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఉక్కు ఖణేల్‌మంటుంది, బూడిద రంగు పోత ఇనుము మొద్దుగా పలుకుతుంది. పగిలిన ఉక్కు కూడా మొద్దుగానే పలుకుతుంది కాబట్టి శబ్దం ఒక్కదాని మీదే తీర్పు చెప్పొద్దు.

రెండు పెడళ్లు చూస్తే ఒక్కతీరే ఉన్నయి. ఏది నాదని కొలతతో తేలుతదా?

ఇదే అన్నిటికన్నా గట్టి పరీక్ష. షాఫ్ట్ రంధ్రం మధ్య నుంచి ప్యాడ్ మధ్య వరకు కొలవండి. షాఫ్ట్ రంధ్రం మధ్య నుంచి పుష్‌రాడ్ రంధ్రం మధ్య వరకు కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఉదాహరణకు 250, 50 వస్తే నిష్పత్తి 5. కాలు 125 మి.మీ. నొక్కితే పుష్‌రాడ్ 25 మి.మీ. కదులుతుంది. నకలు పెడల్‌లో ఆ రంధ్రం 45 దగ్గర పడిందనుకోండి, పుష్‌రాడ్ 22.5 మి.మీ. మాత్రమే కదులుతుంది. పెడల్ తేలిగ్గా ఉందని సంతోషపడతారు, కానీ క్లచ్ పూర్తిగా విడవదు, ఫస్ట్ గేరు కర్రుమంటుంది. మేస్త్రీ క్లచ్ ప్లేటును అనుమానించి మళ్లీ గేర్‌బాక్స్ దించుతాడు. అసలు తప్పు ఐదు మిల్లీమీటర్లది.

ఇంచి థ్రెడా, మిల్లీమీటర్ థ్రెడా?

హెరాల్డ్, జీపులలో ఇంచి థ్రెడ్. ఫియట్ నుంచి వచ్చిన పద్మినిలో మెట్రిక్. 5/16 ఇంచి అంటే 7.94 మి.మీ., ఎం8 అంటే 8 మి.మీ. వ్యాసం కొలిస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా థ్రెడ్‌లో ఉంది. ఇంచి థ్రెడ్‌లోనే రకాలున్నాయి: 5/16 యూఎన్ఎఫ్‌కు ఇంచికి 24 థ్రెడ్లు, బీఎస్ఎఫ్‌కు 22, యూఎన్‌సీ, విట్‌వర్త్ రెండిటికీ 18. మామూలు ఎం8కు థ్రెడ్‌కు థ్రెడ్‌కు దూరం 1.25 మి.మీ. థ్రెడ్ గేజ్ ధర తక్కువే, అది లేకుండా పుష్‌రాడ్ కొనొద్దు. రెండు చుట్లు చేత్తో ఎక్కి తర్వాత పానా అడుగుతోందంటే తప్పు థ్రెడ్. అక్కడే ఆపాలి. హెరాల్డ్ యోక్‌కు ఎం8 థ్రెడ్ కోసి ఉంటే ఆ ముక్క ఫ్యాక్టరీది కాదు.

బోల్టు తలల మీది గుర్తులకు విలువ ఉన్నదా?

ఉంది. పాత బ్రిటిష్ యూనిఫైడ్ (యూఎన్ఎఫ్, యూఎన్‌సీ) బోల్టులకు తల పక్కన ఒకదానికొకటి తగిలిన చిన్న సున్నాలు, లేదా తల మీద గుండ్రటి గుంట ఉంటుంది. దేశీ బండ్లలో జీకేడబ్ల్యూ, టీవీఎస్ వంటి తయారీ కంపెనీల అక్షరాలు కనబడతాయి. తల మీద 8.8 అని ఉంటే అది మెట్రిక్ బోల్టు, హెరాల్డ్ మీద ఉంటే తర్వాత పడిందే.

జీపు పెడల్ మీద వంకీ తిరిగిన ఎఫ్ అక్షరం ఉన్నది. ఏంది అది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విల్లీస్ ఎంబీని అదే నమూనాలో ఫోర్డ్ కంపెనీ కూడా జీపీడబ్ల్యూ పేరుతో చేసింది. ఫోర్డ్ తన భాగాలపై, చివరికి బోల్టులపై కూడా, తన ఎఫ్ ముద్ర వేసేది. మీ బండి ఫోర్డ్ జీపీడబ్ల్యూ అయితే అది బంగారం లాంటి గుర్తు. విల్లీస్ అయితే అది మరో బండి నుంచి వచ్చిన ముక్క. పనిలో తేడా రాదు, చరిత్రలో వస్తుంది. దేశంలో మహీంద్రా కంపెనీ బిగించిన సీజే3బీ మీద ఎఫ్ ముద్ర ఉన్న పెడల్ కనబడితే పాత మిలిటరీ సామాను లోంచి వచ్చి ఉంటుంది.

ఒకే తీరు ముక్కల్లో ఒకదాని మీద ఫియట్, ఒకదాని మీద ప్రీమియర్ అని ఉన్నది. నా పద్మినికి ఏది?

బాంబే కుర్లాలో తయారైన ఫియట్ 1100డీ 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. పేరు మారింది గానీ బండి అదే. పాత అచ్చులు అరిగేదాకా వాడుకోవడం ఫ్యాక్టరీ నైజం కాబట్టి, పేరు మారిన సంవత్సరాల బండిలో రెండు గుర్తులూ సహజమే. 1980లలో తయారైన బండికి మాత్రం ప్రీమియర్ గుర్తున్నదే నప్పుతుంది.

స్ప్రింగు ఒరిజినలా కాదా ఎట్ల?

తీగ మందం, చుట్ల సంఖ్య, బయటి వ్యాసం, వదులుగా ఉన్నప్పటి పొడవు, కొక్కేలు రెండూ ఒకే వైపు చూస్తున్నాయా ఎదురెదురుగానా. ఈ ఐదూ కలవాలి. పొడవు ఒక్కటే చూసి కొంటే మోసపోతారు. బలం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 2 మి.మీ. బదులు 2.5 మి.మీ. తీగ ఉంటే, చుట్లు, వ్యాసం అవే అయినా, స్ప్రింగు దాదాపు 2.4 రెట్లు గట్టిది. మరీ మెత్తదైతే ఇంకో చిక్కు. పెడల్ పూర్తిగా వెనక్కి రాదు, రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసేది) ఎప్పుడూ ఆనుకునే తిరుగుతుంది. కార్బన్ బేరింగ్ ఉన్న పాత బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్ల అంబాసిడర్లలో అది త్వరగా అరిగిపోతుంది.

రబ్బరు ప్యాడ్‌లో తేడా ఎట్ల పట్టాలె?

బ్రేక్ ప్యాడ్‌ను పక్కన పెట్టి చూడండి. జత ఒకే అచ్చుదైతే గాళ్ల వెడల్పు, అంచు వంపు కలుస్తాయి. ఒరిజినల్ ప్యాడ్ పెడల్ అంచును నాలుగు వైపులా పట్టుకుని ఎక్కడానికి మొరాయిస్తుంది. లోకల్ ప్యాడ్ తేలిగ్గా ఎక్కి తేలిగ్గా జారుతుంది, వర్షంలో తడి చెప్పుతో నొక్కినప్పుడు ఊడొస్తుంది. పాత ప్యాడ్‌ను వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచితే చీలకుండా వస్తుంది.

మాస్టర్ సిలిండర్ బాడీ మారిందా లేదా?

ముందు బోర్ (లోపలి రంధ్రం వ్యాసం) కొలవండి, కొన్నింటి బాడీ మీద సైజు పోత అక్షరాల్లోనే ఉంటుంది. 5/8 ఇంచి ఉండాల్సిన చోట 3/4 ఇంచిది పెడితే వైశాల్యం 1.44 రెట్లు అవుతుంది. కాలికి బరువు కూడా అంతే పెరుగుతుంది. "కొత్తది వేసినప్పటి నుంచి పెడల్ రాయిలా ఉంది" అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు ఇదే కారణం. తర్వాత ఫ్లాంజ్ (బిగించే అంచు) బోల్టు రంధ్రాల మధ్య దూరం చూడండి. రంధ్రాన్ని ఆకురాయితో సాగదీసి ఉంటే అది ఈ బండిది కాదు.

పాత బోల్టులు, పిన్నుల మీది మసక వెండి రంగు ఏంది?

చాలావరకు కాడ్మియం పూత. ఇప్పటి జింక్ పూత నీలిగా మెరుస్తుంది లేదా పసుపు రంగులో ఇంద్రధనుస్సులా ఉంటుంది. కాడ్మియం విషం. దాన్ని పొడిగా రుద్దొద్దు, వెల్డింగ్ మంట తగలనివ్వొద్దు, ఆసిడ్‌లో వేయొద్దు. పూత బాగుంటే కిరోసిన్‌తో కడిగి అట్లనే వాడుకోండి.

## వెతికేటప్పుడు, కొనేటప్పుడు

మన వైపు ఎక్కడ వెతకాలె?

ముందు మీ ఊరి పాత మెకానిక్ షెడ్డు అటక. అంబాసిడర్ టాక్సీలు నడిచిన నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ బస్టాండ్ల చుట్టుపక్కల షెడ్లలో పెడళ్లు, బ్రాకెట్లు ఇంకా తుక్కు కింద పడి ఉంటాయి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాలు, గురువారం జుమ్మేరాత్ బజార్ చూడదగ్గవి. పాత ముక్క, వెర్నియర్, థ్రెడ్ గేజ్ మూడూ వెంట ఉండాలి. "హెరాల్డ్ క్లచ్ పెడల్ ఉందా?" అని అడిగితే ఉన్నదే హెరాల్డ్‌ది అవుతుంది. ముక్క చూపించి "ఇట్లాంటిది" అని అడగండి.

పాత డబ్బాలో కొత్త సామాను అమ్ముతున్నరు. నమ్మొచ్చా?

డబ్బా ఎవరైనా అచ్చు వేయించగలరు. లోపలి మైనం పూసిన కాగితం, గట్టిపడిన గ్రీజు, మసకబారిన పూత డబ్బాతో కలిసి వయసు పెరిగినట్టు ఉండాలి. డబ్బా మీద పిన్‌కోడ్ ఉంటే అది 1972 తర్వాతిదే, ఆ విధానం మొదలైంది ఆ ఏడాది ఆగస్టులోనే. 1965 నాటి సామాను అని చెప్పినవాళ్లకు అది చూపించండి. నిజంగా పాత స్టాకైనా లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి. బాడీకి డబ్బులివ్వండి, సీళ్లకు కాదు.

అమెరికా నుంచి జీపు పెడల్ తెప్పిస్తే పడుతదా?

అక్కడి బండికి స్టీరింగ్ ఎడమ, మన మహీంద్రాకు కుడి. ఆర్మ్ వంపు, షాఫ్ట్ పొడవు, లివర్ల వైపు మారతాయి. ప్యాడ్, బుష్, పిన్ను వంటివి కలవొచ్చు. ఆర్మ్ మాత్రం కుడి స్టీరింగ్ బండిదని ఫోటోతో నిర్ధారించుకునే తెప్పించాలి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేటాయనను ఏం అడగాలె?

స్కేలు పక్కన పెట్టి నాలుగు ఫోటోలు: ముందు, పక్క, షాఫ్ట్ రంధ్రం దగ్గరగా, పుష్‌రాడ్ రంధ్రం దగ్గరగా. రంగు వేసి మెరిపించిన పెడల్ అయితే ఒక చోట రంగు గీకి చూపించమనండి. మందపాటి కొత్త రంగు కింద వెల్డింగ్ దాగుతుంది. ఒప్పుకోకపోతే వదిలేయండి.

## బాగుచేసేటప్పుడు

పిన్ను రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగింది. పెడల్ మార్చాల్నా?

వద్దు. ఒరిజినల్ ఆర్మ్‌ను కాపాడుకోవాలి. సాగిన రంధ్రంలో 1 మి.మీ. ప్లే (వదులు) ఉంటే, నిష్పత్తి 5 ఉన్న పెడల్‌లో ప్యాడ్ దగ్గర 5 మి.మీ. వృథా అవుతుంది. పిన్ను, యోక్ కూడా అంతే అరిగి ఉంటే 10, 15 దాకా పోతుంది. రంధ్రాన్ని పెద్దది చేసి, ఉక్కు బుష్ గట్టిగా దించి, లోపల పిన్ను సైజుకు రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు గీకే పనిముట్టు) తిప్పించాలి. 5/16 పిన్నుకు 8 మి.మీ. రీమర్ వాడొద్దు, మొదటి రోజే ప్లే మొదలవుతుంది. అరిగిన వైపుకు జరగకుండా అసలు మధ్య బిందువు ఎక్కడో ముందు గీసి ఇవ్వండి. మిర్యాలగూడ రైసుమిల్లుల పని చేసే లేత్ షాపుల్లోనూ, బోరు మోటార్లు బాగుచేసే చోట్లా ఇది మామూలు పనే. పిన్ను మాత్రం మేకు కోసి వేయొద్దు, గట్టిపరిచిన ఉక్కుదే వేయాలి.

పగులు ఉన్నదా లేదా ఇంట్లోనే చూడొచ్చా?

చూడొచ్చు. ముక్కను శుభ్రం చేసి కిరోసిన్‌లో గంట ఉంచండి. పొడిగా తుడిచి, సుద్ద పొడి పలుచగా అద్దండి. అర్ధగంటలో పగులు ఉన్న చోట తడి గీత పైకి తేలుతుంది. షాఫ్ట్ పైపు ఆర్మ్‌కు కలిసే మూల, వంపు లోపలి వైపు ముఖ్యంగా చూడాలి.

పగిలిన పెడల్‌ను వెల్డింగ్ చేయించొచ్చా?

ఉక్కు ఫోర్జింగ్, రేకు పెడల్ అయితే చేయించొచ్చు. పగులు చివర చిన్న రంధ్రం వేసి, వీ ఆకారంలో గాడి తీసి, లోపలిదాకా నింపాలి. పైపైన పూత పూసినట్టు చేస్తే మళ్లీ అక్కడే తెగుతుంది. మాలియబుల్ పోత (తేలిగ్గా పగలని రకం పోత ఇనుము) అయితే కరిగించే వెల్డింగ్ దాన్ని పెళుసుగా మారుస్తుంది, ఇత్తడి కరిగించి అతికే బ్రేజింగ్ మేలు. బూడిద పోత ఇనుముతో చేసిన నకలు పెడల్ పగిలితే అతికించొద్దు. ట్రాఫిక్‌లో కాలి కింద విరిగే భాగమది.

తుప్పు ఎట్ల తీయాలె?

మొలాసిస్ (చక్కెర మడ్డి) ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి వారం, పది రోజులు నానబెడితే లోహం తినకుండా తుప్పు పోతుంది. తీసిన వెంటనే కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె రాయాలి. స్ప్రింగును మాత్రం ఆసిడ్‌లో ఎప్పుడూ వేయొద్దు. హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పెళుసవుతుంది, బిగించిన తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి తెగుతుంది.

బుష్ కొత్తది వేసినా ఏడాదికే వదులైతున్నది. ఎందుకు?

మన చల్క భూముల ఎర్ర దుమ్ము. నేల కింద పెడల్ షాఫ్ట్ ఉండే బండ్లలో అది గ్రీజుతో కలిసి సానరాయి పనే చేస్తుంది. పాత గ్రీజు పూర్తిగా కడిగాకే కొత్తది పెట్టాలి. నేల రంధ్రం రబ్బరు సీలు లేకపోతే ఏ బుషైనా అంతే, కాబట్టి సీలు ముందు, బుష్ తర్వాత. రంధ్రాలున్న కంచు బుష్‌ను బిగించే ముందు రోజంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి. షాఫ్ట్‌కు, బుష్‌కు మధ్య ఖాళీ 0.05 నుంచి 0.10 మి.మీ. ఉంటే చాలు. షాఫ్ట్ మీద మెట్టు పడి ఉంటే కొత్త బుష్ ఒక్కటే నిలవదు.

మాస్టర్ సిలిండర్ లోపల గుంటలు పడ్డయి. కొత్తది కొనాల్నా?

బయటి బాడీ ఒరిజినల్‌దైతే లోపల ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) వేయించి అసలు బోర్‌కు తెప్పించండి. గరుకు కాగితం పెట్టి రుద్ది బోర్ పెంచితే సీలు నిలవదు. రబ్బరు కిట్ వేసేటప్పుడు పెట్రోల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ తగలనివ్వొద్దు, సీళ్లు ఉబ్బుతాయి. కడగడానికి, తడపడానికి బ్రేక్ ఆయిలే వాడాలి.

## బిగించిన తర్వాత

అంతా ఒరిజినలే వేసినం, అయినా గేరు కర్రుమంటున్నది.

ఇంజన్ ఆపి, ఒకరు పెడల్ నొక్కుతుండగా మరొకరు ఒక్కో కీలు దగ్గర వేలు పెట్టి చూడాలి. కాలు కదిలినా తర్వాతి ముక్క కదలని మొదటి చోటే ప్లే ఉంది. ఎక్కడా ప్లే లేకపోతే హైడ్రాలిక్ బండిలో ఆయిల్ పైపులో గాలి ఉండొచ్చు, మళ్లీ బ్లీడింగ్ చేసి ఆ గాలి తీయాలి. నేల మీద వేసిన మందపాటి కొత్త మ్యాటు పెడల్‌ను పూర్తిగా దిగనివ్వకపోవడం కూడా తరచుగా జరిగేదే.

ఫ్రీ ప్లే ఎంత ఉంచాలె?

మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పినంత. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీకి ప్యాడ్ దగ్గర 3/4 ఇంచి, అంటే దాదాపు 19 మి.మీ. హైడ్రాలిక్ బండిలో పుష్‌రాడ్‌కు, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కు మధ్య కొద్దిగా ఖాళీ తప్పనిసరి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ రిజర్వాయర్‌కు తిరిగి వెళ్లదు, ఇంజన్ వేడెక్కాక క్లచ్ జారుతుంది.

పెడల్ డూప్లికేట్ అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదా?

కేంద్రం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న టూవీలర్లు, కార్లు వింటేజ్ కిందికి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. పెడల్‌ను నిబంధన పేరు పెట్టి చెప్పదు, ఒక్క పెడల్ వల్ల కాగితాలు ఆగుతాయని భయపడొద్దు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్లు, తర్వాత పొడిగింపుకు 5 వేలు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు.

తీసేసిన పాత ముక్కలు తుక్కుకు వేయొచ్చా?

వేయొద్దు. అరిగిన పిన్ను, విరిగిన స్ప్రింగు, పగిలిన ప్యాడ్ కూడా ఒక డబ్బాలో, ఏ బండివో, ఎక్కడి నుంచి తీశారో చీటీ రాసి పెట్టండి. హెరాల్డ్ వంటి బండ్లకు కొలత తీసుకోవడానికి ఒరిజినల్ ముక్క దొరకడమే కష్టం. మీ దగ్గరున్న అరిగిన పిన్నుకు అరగని చివర ఒక్క సెంటీమీటరు మిగిలినా చాలు, అసలు వ్యాసం అక్కడ కొలిచి గద్వాలలోనో దేవరకొండలోనో ఇంకో బండికి సరైన పిన్ను చేయించవచ్చు.